ఇప్పపువ్వు వాసన, ఇనుప తలుపు

అగ్నిమాపక శాఖలో నా సర్వీసంతా మంటలతో గడిచిందని మా వీధిలో అనుకుంటారు. నేను కాదనను. అలా అనుకోబట్టే పెళ్లిళ్లలో ముందు వరుసలో కుర్చీ దొరుకుతోంది. నిజానికి నా సర్వీసు గడిచింది తలుపులతో. ఏ మంట దగ్గరికి వెళ్లినా ముందు ఒక తలుపు ఉంటుంది. అది తాళం వేసి ఉంటుంది, లేదా లోపల గడియ పడి ఉంటుంది, లేదా ఇంటివాళ్లంతా బయట నిలబడి ఎవరి దగ్గర తాళంచెవి ఉందో తేల్చుకుంటూ ఉంటారు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "సార్, మీ సర్వీసులో పెద్ద మంట ఏది?" అని అడుగుతారు. మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీ తగలబడి సగం ఖమ్మం తుమ్మిన రోజు గురించి చెబుతానని వాళ్ల ఆశ. నేను మాత్రం ఒక పగలంతా ఏమీ చేయకుండా నిలబడిన సంగతి చెబుతాను. వాళ్ల ముఖాలు చూసి, కాస్త ఓదార్పుగా ఉంటుందని లోపలికి కేకేసి టీ పెట్టిస్తాను. మీకు టీ ఇవ్వలేను కనుక నేరుగా సంగతిలోకి వస్తాను.

అప్పుడు నేను భద్రాచలం అడవి అంచున ఒక చిన్న స్టేషన్‌కు ఆఫీసర్‌ని. మా పరిధిలో గడ్డివాములు, పత్తి లారీలు, పామాయిల్ తోటలు, వేసవిలో అడవి. రెండు బండ్లు ఉండేవి, పెద్దది ఒకటి, చిన్నది ఒకటి. పెద్దది ఎత్తు ఎక్కేటప్పుడు మేం మనసులో దణ్ణం పెట్టుకునేవాళ్లం, చిన్నది దిగేటప్పుడు.

స్టేషన్‌లో నా తర్వాతివాడు లీడింగ్ ఫైర్‌మన్. ఊళ్లో అందరూ, నాతో సహా, అతన్ని భాయ్ అనేవాళ్లం. తాతల నాటి నుంచి ఆ ఊళ్లోనే ఉన్న వ్యాపార కుటుంబం. అతని తండ్రి ములకలపల్లి చుట్టుపక్కల సంతల్లో చింతపండు, ఇప్పపువ్వు కొనేవాడు. ఆ సంతల్లోనే మూటల మీద కూర్చుని పెరగడం వల్ల భాయ్‌కి కోయ భాష మాతృభాష అంత సులువుగా వచ్చేది. అది కాక అతనికి బాగా పేరు వచ్చింది తలుపులు తెరవడంలో. గ్యాస్ సిలిండర్ అంటుకున్న ఇంట్లోంచి ఒక ముసలామెను భుజాన వేసుకుని తెచ్చాడు. ఆమె కొడుకులు ఇప్పటికీ రంజాన్‌కు సేమ్యా ప్యాకెట్లు పంపుతారు. మరోసారి ఒక తలుపును గొడ్డలితో మూడు ముక్కలు చేశాక, అది తోసే తలుపు కాదు లాగే తలుపని ఇంటాయన మెల్లిగా చెప్పాడు. "ముందుగాల చెప్పాలె గదా!" అని భాయ్ ఆయన మీదే కోప్పడ్డాడు. ఏ తలుపైనా తీస్తేనే పని మొదలైనట్టు అతని లెక్క. మా వృత్తిలో అందరి లెక్కా అదే.

మా పరిధిలో అడవికి ఆనుకుని ఒక సోలార్ ప్లాంటు వచ్చింది. ఎండ పగలు కాస్తుంది, మనకు లైట్లు చీకటి పడ్డాక కావాలి. ఈ చిన్న తగవు తీర్చడానికి ప్లాంటు పక్కనే బ్యాటరీల యార్డు పెట్టారు. లారీ మీద వెళ్లే కంటైనర్లు చూసి ఉంటారు కదా, అలాంటి తెల్లటి ఇనుప డబ్బాలు వరసగా. ఒక్కో డబ్బాలో బీరువాల్లాగా అరలు, అరల నిండా బ్యాటరీలు. చూడటానికి అంత శాంతంగా ఉండే చోటు ఆ ప్రాంతంలో మరొకటి లేదు. చప్పుడు కూడా ఫ్రిజ్ చేసేంతే చేస్తుంది.

ఆ యార్డు వచ్చిన పుణ్యాన నన్ను రాజధానికి శిక్షణకు పంపారు. భోజనం తర్వాతి క్లాసులో ఎక్కువ భాగం నేను కళ్లు మూసుకుని విన్నాను. ఒక్క మాట దగ్గర మాత్రం పాఠం చెబుతున్నాయన బల్ల గట్టిగా చరిచాడు, అందుకని ఆ మాట పూర్తిగా గుర్తుండిపోయింది. బ్యాటరీ లోపల చెడితే మంట కన్నా ముందు గ్యాసు వస్తుంది. డబ్బాలో ఉండే ఆర్పే మందు మంటను ఆపుతుంది కానీ గ్యాసును ఆపదు. మూసిన డబ్బాలో ఆ గ్యాసు గాలి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. పొగ తగ్గింది కదా అని తలుపు తీసినవాడు, ఆ గాలిని తన చేత్తో తీసుకెళ్లి ఇచ్చినవాడవుతాడు. "కాబట్టి తలుపు తీయకండి" అని బల్ల మీద కొట్టాడు. తిరిగొచ్చి స్టేషన్‌లో ఇదంతా చెప్పాను. భాయ్ శ్రద్ధగా విని, "తలుపు తియ్యకపోతే మనల్ని ఎందుకు పిలుస్తరు సార్?" అన్నాడు. ఆ ప్రశ్నకు శిక్షణలో జవాబు చెప్పలేదు.

అది ఇప్పపువ్వు రాలే కాలం. మా వైపు తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద పువ్వు రాలుతుంది. ఏరుకోవడానికి వీలుగా ముందే చెట్ల కింద ఆకులు ఊడ్చి కాలుస్తారు. ఏరిన పువ్వు గూడెంలో వాకిళ్లలో ఆరబోస్తారు. సారా కాచేదీ ఈ పువ్వుతోనే. ఆ రోజుల్లో అడవి దారంతా సన్నటి పొగ, మత్తెక్కించే తియ్యటి వాసన. అందువల్ల ఆ కాలంలో పొగ చూసి ఎవరూ కంగారుపడరు, వాసన వస్తే ముక్కు మూసుకోరు. అసలు చిక్కంతా అక్కడ వచ్చింది.

యార్డుకు తూర్పున ఒక గూడెం, పడమర మైళ్ల కొద్దీ పామాయిల్ తోటలు. ఆ పొద్దున యార్డు వాచ్‌మన్‌కు డబ్బాల మధ్య తియ్యటి వాసన వచ్చింది. గూడెంలో పువ్వు ఆరబోశారు అనుకున్నాడు. ఒక డబ్బా అడుగున తెల్లటి పొగ నేలను పట్టుకుని పాకుతుంటే మంచు అనుకున్నాడు. తప్పు పట్టలేం. ఆ ఊరివాడు ఎవడైనా అదే అనుకుంటాడు. కాసేపటికి అలారం మోగింది, లోపల ఆర్పే మందు దానంతట అదే విడుదలైంది, వాళ్లు మాకు ఫోన్ చేశారు.

మేం వెళ్లేసరికి పొగ లేదు. డబ్బా మిగతావాటిలాగే తెల్లగా, బుద్ధిగా నిలబడి ఉంది. యార్డు ఇంజనీరు కోస్తా వైపు కుర్రాడు. చొక్కా టక్ చేసుకుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మాకు ఎదురొచ్చాడు. నా హోదాకు తగ్గట్టు ఆ డబ్బాకు ఎదురుగా, షెడ్డు నీడలో, ఒక ప్లాస్టిక్ కుర్చీ కూడా వేయించాడు.

"ఆరిపోయిందండి. సిస్టమ్ చక్కగా పనిచేసింది. మీరు కూర్చోండి. ఒక్కసారి తలుపు తీసి గాలాడనిస్తే లోపల మిగతా బ్యాటరీలు కాపాడుకోవచ్చని మా హెడ్ ఆఫీసు వాళ్లు అంటున్నారు" అన్నాడు.

భాయ్ అప్పటికే గాలి సిలిండర్ వీపుకు కట్టుకుంటున్నాడు. ఇంజనీరు తాళంచెవి అతని చేతిలోనే పెట్టాడు. ఎవరికి ఇవ్వాలో మనిషి వాలకం చూస్తే తెలిసిపోతుంది.

"ఆగు భాయ్" అన్నాను.

"ఏంది సార్ ఆగేది? పొగ లేదు, సెగ లేదు. జల్దీ తీసి చూసి పోదాం. అవతల పత్తి మిల్లుల తనిఖీ ఉన్నది."

"వాసన వస్తోంది."

భాయ్ గట్టిగా పీల్చి నవ్వాడు. "ఇప్పపువ్వు సార్. మా నాయిన దుకాణంల పుట్టి పెరిగిన, నాకు తెల్వదా? గూడెంల ఆరబోసిండ్రు."

నాకూ అలాగే తోచింది. అతను తలుపు వైపు నడుస్తున్నాడు, నేను ఆపడానికి కారణం వెతుక్కుంటున్నాను. ఇంతలో ఒక గాలి విసురు వచ్చి నా తల మీది టోపీని ఎత్తుకుపోయింది. ఆఫీసర్ టోపీ వెంట ఆఫీసరే పరిగెత్తడం బాగుండదు కనుక నిలబడి చూశాను. అది దొర్లుకుంటూ కంచె దాటి, గూడెం వైపు పోయింది. అడవి అంచున ఆకులు కాలుతున్న పొగ కూడా అటే వంగి ఉంది.

గాలి మా మీదుగా గూడేనికి వెళ్తోంది. గూడెంలో ఆరబోసిన పువ్వు వాసన ఎదురుగాలికి ఈదుకుంటూ మా దాకా రాదు. గాలి వచ్చే వైపు ఉన్నవి ఈ డబ్బా, దాని వెనక పామాయిల్ తోటలు. తోటలకు ఇలాంటి వాసన ఉండదు.

"భాయ్, గాలి ఎటు పోతోందో చూడు" అన్నాను. "ఆ వాసన డబ్బాలోంచి వస్తోంది. తలుపు ముట్టుకోకు. వెనక్కి రా."

అతను ఆగాడు, కానీ వెనక్కి రాలేదు. తలుపుకు, నాకు సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు. "సార్, పక్క డబ్బా అంటుకుంటే? ఊరోళ్లు ఏమంటరు? ఫైరోళ్లు వచ్చి దూరంకెళ్లి చూసి పోయిండ్రంటరు. లోపల చూడంది ఎట్ల తెలుస్తది? నేను పోత. మీరంతా ఈడనే ఉండుండ్రి. ఏమన్నా అయితే నాకే అయితది గదా."

అతను బెదిరించడానికి అన్న మాట కాదది. పొద్దున టీ తాగుదాం అన్నంత మామూలుగా అన్నాడు. నా సర్వీసులో నాకు భయం వేసిన సందర్భాలు చాలా ఉన్నాయి, అయితే అవన్నీ మంటను చూసి. మనిషిని చూసి భయపడింది అదొక్కసారే. నేను అరిస్తే అతను మొండికేస్తాడు. రూలు చదివితే నవ్వుతాడు. ఉత్తగా నిలబడమంటే చేతులు ఊరుకోవు, నేను అటు తిరగగానే తాళం తీస్తాడు. అతనికి ఏదో ఒక పని ఇవ్వాలి. డబ్బాకు దూరంగా ఉండే పని, నిజంగా అవసరమైన పని.

"ఆ గ్యాసు ఇప్పుడు గూడెం మీదికి పోతోంది. వాళ్లను తోటల వైపు బడికి తరలించాలి. ఆ భాష నీకొక్కడికే వచ్చు. చిన్న బండి తీసుకుని పో" అన్నాను.

"నన్ను పంపియ్యనీకి చెప్తున్నరా, నిజంగనే చెప్తున్నరా?"

"రెండూ."

నా దగ్గరికి నడిచొచ్చాడు. తర్వాత తాళంచెవిని నా అరచేతిలో పెట్టలేదు, పైనుంచి పడేశాడు. ఆ తేడా నాకు తెలియాలనే.

అతను వెళ్లాక ఆ డబ్బాకు అటూ ఇటూ ఉన్న డబ్బాలు వేడెక్కకుండా, పెద్ద బండి నుంచి గొట్టం సాగినంత దూరంలో నిలబడి వాటి మీద నీళ్లు చల్లించడం మొదలుపెట్టాను. అసలు డబ్బా మీద ఒక చుక్క కూడా పోయలేదు, దాని ముందు దూరంగా నేల మీద ఒక గీత గీసి ఎవరినీ దాటనివ్వలేదు. బయటివాళ్లకు ఇది ఎలా కనిపించిందో ఊహించుకోండి. రోడ్డు మీద పర్ణశాల వెళ్లే యాత్రికుల వ్యాను ఒకటి ఆగింది, నాలుగు మోటారు సైకిళ్లు ఆగాయి. కంచె అవతల చిన్న తిరనాళ్ల లాంటిది ఏర్పడింది.

"ఓ సారూ! చెడిపోయినదాన్ని ఇడిసిపెట్టి మంచి డబ్బాలకు తానం చేపిస్తున్నరేంది?" అని ఒకతను అరిచాడు.

"ఎండకాలం గదా, చల్లవడాలె" అన్నాడు పక్కవాడు.

"గిదేం కొలువురా, మనం గూడ చెయ్యొచ్చు" అని ఇంకొకడు. అందరూ నవ్వారు. జోకు బాగుందని నాకూ అనిపించింది. డ్యూటీలో ఉన్నాను కనుక నవ్వలేదు.

ఇంజనీరు ఫోన్ పట్టుకుని చుట్టూ తిరుగుతున్నాడు. మధ్యమధ్య వచ్చి "సార్, మా వాళ్లు మరీ మరీ అడుగుతున్నారండి", మళ్లీ వచ్చి "పోనీ నీడలో కుర్చీలోనన్నా కూర్చోండి, ఎండలో ఎందుకండి" అనేవాడు. నాకు కూర్చోవాలనే ఉంది. అయితే ఆ కుర్చీ నేను గీసిన గీతకు లోపల ఉంది. నా గీతను నేనే దాటితే కంచె అవతలివాళ్లకు ఇంకో జోకు దొరుకుతుందని ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే, ఎండ ముదిరేకొద్దీ నాకూ సందేహం ముదిరింది. ఏమీ కాలేదు. డబ్బా అలాగే ఉంది. ఒక టోపీ ఎగిరిపోయిందని ఇంత చేస్తున్నానా అనిపించింది. జేబులో తాళంచెవి తొడకు గుచ్చుకుంటోంది.

అంతలో వైర్‌లెస్‌లో భాయ్ గొంతు వచ్చింది. కోపం కొంచెం తగ్గినట్టుంది, ఆయాసం పెరిగింది.

"సార్, మనుషులు వస్తరంట. పువ్వు ఇడిసిపెట్టి రారంట."

"పువ్వుకేమవుతుందట?"

"మేకలు తింటయంట. ఈడ ఒక అవ్వ ఉన్నది. 'మీ డబ్బా పేలుతదో పేలదో నీకే తెల్వది, మేకలు మాత్రం పక్కా తింటయి' అంటున్నది. ఆమె చెప్పింది కూడ కరెక్టే గద సార్."

నేను ఆలోచించాను. ఏడాదికి ఒక్కసారి వచ్చే పంట అది. "అయితే పువ్వును కూడా ఎక్కించు."

"ఏ బండిల?"

"మన బండిలో."

వైర్‌లెస్ కాసేపు గరగరలాడింది. "సార్, ఇది ఫైర్ బండి. నేను నమాజు చేసేటోన్ని. రేపు బండంత ఇప్పసారా కంపు కొడితే నా గురించి ఏమనుకుంటరు?"

"నా గురించి కూడా అదే అనుకుంటారు. ఎక్కించు."

పువ్వు మీద గూడెంవాళ్లు పట్టిన ఆ పట్టు ఎంత మంచిదో తర్వాత తెలిసింది. పువ్వు మూటలు కట్టడం, మోయడం, ఏ మూట ఎవరిదో కోయలో వాదించుకోవడం. భాయ్ రెండు విడతలు తిరగాల్సి వచ్చింది. అతన్ని డబ్బాకు దూరంగా ఉంచడానికి నేను పెట్టుకున్న ప్లాను కన్నా అవ్వ మేకలే బాగా పనిచేశాయి.

రెండో విడత మూటలతో బండి బడి వైపు మలుపు తిరుగుతుండగా తలుపు తెరుచుకుంది.

ఎవరూ తీయలేదు. గాలి ఎక్కడో సందు వెతుక్కుని మెల్లిగా లోపలికి పోయి ఉంటుంది. చప్పుడు చెవికి కాదు, కడుపుకు వినిపించింది. ఇనుప తలుపు చౌకట్టుతో సహా ఊడి, ముందున్న ఖాళీ జాగా అంతా దాటి షెడ్డు నీడలో పడింది. దాని వెనకే మంట నాలుక బయటికి వచ్చి, చుట్టూ చూసి, లోపలికి పోయింది. కంచె అవతల మోటారు సైకిళ్లు వెనక్కి తిరిగాయి. యాత్రికుల వ్యాను స్టార్టయిన చప్పుడు వినబడింది.

మావాళ్లను లెక్కపెట్టుకున్నాను. అందరూ గీత వెనకే ఉన్నారు. ఇంజనీరు ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. అవతలివాళ్లు ఏదో అడుగుతున్నారు. ఇతను నావైపు తిరిగి, "కుర్చీ అండీ..." అన్నాడు. కుర్చీ తలుపు కింద ఉంది. ఒక కాలు మాత్రం బయటికి కనిపిస్తోంది. "పర్వాలేదు బాబూ, నాకు నిలబడటం అలవాటే" అన్నాను.

ఆ తర్వాత జరిగింది చెప్పుకోవడానికి పెద్దగా లేదు. ఆ డబ్బా తన ఇష్టం వచ్చినట్టు మర్నాడు పొద్దుటి దాకా కాలింది. మేం పక్క డబ్బాలకు స్నానం చేయిస్తూనే ఉన్నాం. అవి దక్కాయి. గూడెం వాళ్లు బడిలో పడుకున్నారు. అవ్వ మాత్రం పువ్వు మూటల మీదే పడుకుందట. పై వారం మా జిల్లా అధికారి తనిఖీకి వచ్చి, చిన్న బండి తలుపు తీసి, ఒక అడుగు వెనక్కి వేసి, నన్నూ భాయ్‌నీ మార్చి మార్చి చూశాడు. జరిగింది చెప్పాను. నమ్మాడనే అనుకుంటున్నాను. వెళ్లేటప్పుడు మాత్రం మా ఇద్దరితో కాస్త దగ్గరగా నిలబడి మాట్లాడాడు.

కొత్త పిల్లలకు నేను చెప్పేది ఇంతే. మంట ముందు చేతులు కట్టుకుని నిలబడటం పిరికితనంలాగే కనిపిస్తుంది. చూసేవాళ్లకే కాదు, నిలబడ్డవాడికి కూడా. అది పిరికితనమా కాదా అన్నది తర్వాతెప్పుడో తేలుతుంది, కొన్నిసార్లు తేలనే తేలదు. ఆ రోజు తలుపు ఇంకో పూట ఓపిక పట్టి ఉంటే, నేను ఈపాటికి టోపీ ఆఫీసర్‌గా జిల్లా అంతా పేరు తెచ్చుకుని ఉండేవాణ్ణి.

భాయ్ సంగతి చెప్పి ముగిస్తాను. చప్పుడైన రోజు అతను యార్డుకు తిరిగొచ్చి, పడి ఉన్న తలుపును దూరం నుంచి చూసి, గొట్టం పట్టుకున్నాడు. మర్నాడు మంట పూర్తిగా చల్లారి, గ్యాసు లేదని మీటరు చెప్పాక, ఇద్దరం షెడ్డు దగ్గరికి నడిచాం. తలుపు కుర్చీ మీద వెల్లకిలా పడి ఉంది. పెయింటు మాడింది, హ్యాండిల్ మాత్రం అలాగే ఉంది. భాయ్ దాని పక్కన గొంతుకూర్చుని, హ్యాండిల్ మీద చెయ్యేసి తలెత్తాడు.

"సార్, ఇప్పుడు తియ్యనా?"

జేబు తడుముకున్నాను. తాళంచెవి ఇంకా అక్కడే ఉంది. ఇచ్చాను. తాళంచెవి రంధ్రం చుట్టూ గీతలు గీసి గీసి చివరికి లోపలికి వెళ్లింది. మెల్లిగా తిప్పాడు. టక్కుమంది.

"తాళం మంచిదే సార్" అన్నాడు. "చెడలే."